పుట్టిన తేదీని బట్టి చైనా జంతు సంవత్సరం తెలుసుకోవడం ఎలా?

ఇంగ్లీషు సంవత్సరాల పక్కన ఒక్కో జంతువు బొమ్మ వేసిన పట్టికలు వాట్సాప్‌లో తరచుగా వస్తుంటాయి. 1996 అయితే ఎలుక, 1997 అయితే ఎద్దు, 1998 అయితే పులి అని వాటిలో రాసి ఉంటుంది. మనం పుట్టిన సంవత్సరం వెతుక్కుని, పక్కనున్న జంతువే మనదనుకుని, దాని కింద రాసిన గుణగణాలు చదువుకుని ఊరుకుంటాం. మార్చి మొదలు డిసెంబరు దాకా పుట్టినవారికి ఆ పట్టిక సరిపోతుంది. జనవరి 1 నుంచి 20 లోపు పుట్టినవారికి చైనా లెక్క ప్రకారం అది ప్రతిసారీ తప్పే చెబుతుంది. జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 మధ్య పుట్టినవారి సంగతి ఆ ఏడాది అమావాస్య ఏ రోజున వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణం వినకుండా సంవత్సరం మొదలుపెట్టని మనకు ఈ విషయం అర్థం కావడానికి కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ. అయినా ఎవరూ వివరంగా చెప్పకపోవడం వల్ల చాలామంది తమది కాని జంతువును తమదిగా చెప్పుకుంటున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా వరుస చెబుతాను. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఈ పన్నెండూ ఏడాదికొకటి చొప్పున తిరుగుతుంటాయి. మన రాశులు మేషం నుంచి మీనం దాకా సూర్యచంద్రుల స్థానాలను చెప్పేవి కాగా, ఇవి ఆకాశంలోని నక్షత్ర సముదాయాలకు పెట్టిన పేర్లు కావు, సంవత్సరాలకు పెట్టిన గుర్తులు. కాబట్టి వీటిని ‘చైనా రాశులు’ అనడం కంటే ‘జంతు సంవత్సరాలు’ అనడమే నాకు సబబుగా తోస్తుంది. దేవలోకపు చక్రవర్తి పెట్టిన పరుగుపందెంలో ఎలుక ఎద్దు వీపు మీద ఎక్కి వచ్చి, చివరి క్షణంలో ముందుకు దూకి మొదటి స్థానం కొట్టేసిన కథ పిల్లలకు చెప్పుకోవడానికి బాగుంటుంది. చరిత్రగా చూస్తే, క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి చెందిన వాంగ్ చోంగ్ అనే పండితుడి రచనలో ఈ పన్నెండు జంతువులూ కనిపిస్తాయి. అంతకంటే పాత ఆధారం 1975లో హూబెయ్ రాష్ట్రంలోని షుయ్‌హూదీ అనే చోట ఛిన్ కాలపు సమాధిలో దొరికిన వెదురు పలకలు. వాటి మీద కూడా ఇలాంటి జాబితాయే ఉంది, కొన్ని జంతువులు మాత్రం నేటి వరుసకు భిన్నంగా ఉన్నాయి.

లెక్క చాలా సులువు. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 4 తీసివేసి 12తో భాగిస్తే, శేషం 0 వస్తే ఎలుక, 1 వస్తే ఎద్దు, 2 వస్తే పులి, ఇలా 11 వస్తే పంది. 2024లోంచి 4 తీస్తే 2020. దాన్ని 12తో భాగిస్తే శేషం 4. ఎలుకను సున్నాగా మొదలుపెట్టి లెక్కిస్తే నాలుగు దగ్గర వచ్చేది డ్రాగన్. అయితే ఈ లెక్క చెప్పేది ఆ ఇంగ్లీషు సంవత్సరంలో మొదలయ్యే చైనా సంవత్సరాన్ని మాత్రమే. జనవరి ఒకటో తేదీకీ చైనా సంవత్సరాదికీ మధ్య పుట్టిన బిడ్డ ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నట్లు లెక్క.

నన్ను ఈ విషయంలోకి దించినది మా మేనకోడలు. ఆమె సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పనిచేస్తుంది. పుట్టినది 1998 జనవరి 20. అక్కడి జపాన్ అధికారి ఒకాయన ఆమె పుట్టిన తేదీ విని ‘నువ్వు పులివి’ అన్నాడట. చైనాలో వైద్యవిద్య చదివి వచ్చిన ఆమె స్నేహితురాలు మాత్రం ‘కాదు, నువ్వు ఎద్దువి’ అని పట్టుబట్టిందట. ఆదివారం ఇంటికి వచ్చి ‘మామా, ఇద్దరిలో ఎవరి మాట నిజం?’ అని అడిగింది. ఇద్దరి మాటా నిజమే. 1998లో చైనా సంవత్సరాది జనవరి 28న వచ్చింది. ఆమె దానికి ఎనిమిది రోజుల ముందు పుట్టింది కాబట్టి చైనా వారి లెక్కలో ఆమెది 1997తో మొదలైన ఎద్దు సంవత్సరం. జపాన్ వారు 1873లో పాత చాంద్రమాన పంచాంగాన్ని వదిలి ఇంగ్లీషు క్యాలెండరును తీసుకున్నారు. అప్పటి నుంచి జంతు సంవత్సరాన్ని కూడా జనవరి 1 నుంచే లెక్కిస్తున్నారు. కాబట్టి వారి లెక్కలో ఆమెది పులి. ఆమె జాతకం తీసి చూశాం. పసుపు అద్దిన అంచులు మాసిపోయినా అక్షరాలు చక్కగా ఉన్నాయి: ఈశ్వర నామ సంవత్సరం, పుష్య బహుళ సప్తమి, మంగళవారం. పుష్య బహుళం అన్న ఆ ఒక్క మాట ఉంటే చాలు, చైనా వారి జంతువును తేల్చెయ్యవచ్చు. ఎలాగో చెప్పాలంటే ముందు చైనా సంవత్సరాది ఎలా నిర్ణయమవుతుందో చెప్పాలి.

చైనా వారి సంప్రదాయ పంచాంగం మనదానిలాగే చాంద్రసౌరమానం. నెలలు చంద్రుడిని బట్టి నడుస్తాయి. అవి ఋతువుల నుంచి జారిపోకుండా సూర్యుడు పట్టి ఉంచుతాడు. మన పంచాంగంలో ఒక చాంద్రమాసంలో సూర్యుడు ఏ రాశిలోకీ ప్రవేశించకపోతే, అంటే ఆ నెలలో సంక్రాంతి లేకపోతే, అది అధికమాసం. చైనా వారి నియమం కూడా మౌలికంగా ఇదే. డిసెంబరు 21, 22 ప్రాంతాల్లో పగలు అతి చిన్నదయ్యే రోజు ఏ చాంద్రమాసంలో పడితే అది వారికి పదకొండో నెల. ఒక పదకొండో నెల మొదలు నుంచి మరుసటి పదకొండో నెల మొదలు దాకా పదమూడు నెలలు పడితే, వాటిలో సంక్రమణం లేని మొదటి నెలను అధికమాసంగా తీసుకుంటారు. అలాంటి అధికమాసం అడ్డు రాకపోతే, పదకొండో నెల తర్వాత పన్నెండో నెల గడిచి, ఆపైన వచ్చే నెలతో కొత్త సంవత్సరం మొదలవుతుంది. ఆ మొదటి రోజు ఎప్పుడూ జనవరి 21కీ ఫిబ్రవరి 20, 21కీ మధ్యే వస్తుంది. 1645లో ఛింగ్ వంశం వారు తెచ్చిన సంస్కరణ నుంచి సూర్యుడి నిజ గతిని బట్టి ఈ లెక్కలు కడుతున్నారు. ఇప్పుడు నాన్‌జింగ్ నగరంలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల వాటిని తయారుచేస్తోంది.

ఇక తేడా ఎక్కడంటే, మన పంచాంగం నిరయనం, అంటే స్థిర నక్షత్రాలను బట్టి సూర్యుడి స్థానాన్ని లెక్కిస్తుంది. వారిది సాయనం, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే బిందువును బట్టి లెక్కిస్తుంది. మనం మకర సంక్రాంతిని జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటాం. వారికి సూర్యుడు ఆ బిందువును చేరేది డిసెంబరు 21నే. మధ్యలో ఉన్న ఇరవైనాలుగు రోజులే ఈ రెండు లెక్కల తేడా అయిన అయనాంశ వల్ల వచ్చిన ఎడం. ఈ ఎడం వల్ల వారి అధికమాసాలు మన అధికమాసాల కంటే ముందుగా వస్తుంటాయి. ఉదాహరణకు వారికి 2025లో ఆరో నెల అధికమైంది. మనకు అధిక జ్యేష్ఠం వచ్చేది 2026లో. అందువల్ల 2025లో జనవరి 29న చైనా సంవత్సరాది, మార్చి 30న మన ఉగాది వచ్చి మధ్య రెండు నెలలు ఉండగా, 2026లో ఫిబ్రవరి 17న వారి పండుగ, మార్చి 19న మన ఉగాది వచ్చి మధ్య ఒక్క నెలే ఉంది. రెండు నెలలో ఒక నెలో తేడా ఉంటుందే తప్ప, అది ఎప్పుడూ అమావాస్యకు అమావాస్యగానే ఉంటుంది.

దీన్ని మన పండుగలతో పోల్చుకుంటే మరీ స్పష్టంగా తెలుస్తుంది. చైనా సంవత్సరాది ఎప్పుడూ రెండు అమావాస్యల్లో ఏదో ఒకదాని వద్దే వస్తుంది. ఒకటి పుష్య బహుళ అమావాస్య, ఇంకొకటి మహాశివరాత్రి మరునాడో మూడోనాడో వచ్చే మాఘ బహుళ అమావాస్య. 2025 జనవరి 29న ప్రయాగరాజ్ కుంభమేళాలో మౌని అమావాస్య స్నానాలు జరుగుతున్న రోజే చైనాలో పాము సంవత్సరం మొదలైంది. 2026 ఫిబ్రవరి 15న శివరాత్రి, 17న గుర్రం సంవత్సరం ఆరంభం, అంటే శ్రీకాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాల సందడి ఇంకా తగ్గక ముందే. 2007, 2010, 2015, 2018 సంవత్సరాల్లోనూ ఇలాగే శివరాత్రి వెనకే వచ్చింది. మన తరాలవారు గుర్తుంచుకోదగిన సూత్రం ఒకటి ఉంది. శివరాత్రి ఫిబ్రవరి 17న గానీ అంతకు ముందు గానీ వస్తే, దాని వెనక వచ్చే అమావాస్యే చైనా సంవత్సరాది. శివరాత్రి అంతకంటే ఆలస్యమైతే, చైనా సంవత్సరాది ఒక నెల ముందే పుష్య అమావాస్యకు వెళ్లిపోయినట్టు. మనకు సూర్యోదయానికి ఉన్న తిథి ప్రధానం కాబట్టి మాసం శుద్ధ పాడ్యమితో మొదలవుతుంది. వారికి అమావాస్య ఘడియ ఏ తేదీలో పడితే ఆ తేదీయే నెలలో మొదటి రోజు. అందుకే వారి పండుగ చాలాసార్లు మన అమావాస్య నాడే వస్తుంది.

‘ఏ తేదీలో పడితే’ అన్నాను కదా, ఆ తేదీ ఏ ఊరి గడియారం ప్రకారం అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో 1985కు మించిన ఉదాహరణ లేదు. 1984 డిసెంబరులో సూర్యుడు దక్షిణపు కొసను చేరిన క్షణం, అంటే అయనాంతం, బీజింగ్ గడియారంలో డిసెంబరు 22 అర్ధరాత్రి దాటిన 23 నిమిషాలకు పడింది. హనోయ్ గడియారం బీజింగ్ కంటే గంట వెనక. అక్కడ అదే క్షణం డిసెంబరు 21 రాత్రి 11 గంటల 23 నిమిషాలు. అమావాస్య డిసెంబరు 22న వచ్చింది. చైనా లెక్కలో అయనాంతం, అమావాస్య రెండూ ఒకే తేదీన పడ్డాయి కాబట్టి ఆ రోజు మొదలైన నెలే పదకొండో నెల అయింది. వియత్నాం లెక్కలో అయనాంతం ముందు రోజే అయిపోయింది కాబట్టి, ముగియబోతున్న నెల పదకొండోది, డిసెంబరు 22న మొదలైనది పన్నెండోది. ఫలితంగా వియత్నాంలో సంవత్సరాది 1985 జనవరి 21న, చైనాలో ఫిబ్రవరి 20న జరిగాయి. ఒక్క గంట తేడా ఒక పూర్తి నెల తేడా అయింది. ఆ నెలలో, ఫిబ్రవరి 1న పుట్టిన బిడ్డను తీసుకుంటే, చైనాలో ఆ బిడ్డది ఎలుక సంవత్సరం. వియత్నాంలో గేదె సంవత్సరం, ఎందుకంటే ఎద్దు స్థానంలో వారికి గేదె ఉంటుంది. కుందేలు స్థానంలో వారికి పిల్లి ఉంటుందని కూడా ఈ సందర్భంలో చెప్పాలి. మన లెక్కలో ఆ బిడ్డ రక్తాక్షి నామ సంవత్సరం మాఘమాసంలో పుట్టినట్టు.

ఇంత పెద్ద తేడా అరుదు. ఒక్క రోజు తేడా అప్పుడప్పుడూ వస్తుంది. 2027లో అమావాస్య ఘడియ బీజింగ్‌లో ఫిబ్రవరి 6 అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు పడుతుంది. కొరియా గడియారం గంట ముందు ఉంటుంది కాబట్టి అక్కడ ఫిబ్రవరి 7 వచ్చేస్తుంది. మేక సంవత్సరం చైనాలో 6న, కొరియాలో 7న మొదలవుతుంది. మన గడియారానికీ బీజింగ్ గడియారానికీ రెండున్నర గంటల ఎడం ఉంది. తిరుపతి ఆసుపత్రిలో సంవత్సరాది ముందు రోజు రాత్రి పదిగంటలకు పుట్టిన పాపకు బీజింగ్‌లో అప్పటికే కొత్త సంవత్సరం వచ్చేసి ఉంటుంది. పంచాంగాన్ని ఏ ఊరి సూర్యోదయానికి గుణించారో చూసి గానీ తిథిని నమ్మని మనం, ఆ పాప విషయంలో పుట్టిన చోటి తేదీనే తీసుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

ఇది పరాయి దేశాల గందరగోళం అనుకోనక్కరలేదు. చిత్తూరు జిల్లాలో పెరిగిన వారికి ఇలాంటిదే ఇంట్లోనే ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు వైపు ఒకే వీధిలో ఉగాది చేసుకునే ఇళ్లూ, ఏప్రిల్ 14 ప్రాంతంలో తమిళ సంవత్సరాది చేసుకునే ఇళ్లూ పక్కపక్కనే ఉంటాయి. తెలుగు మాట్లాడే ఇళ్లలో కూడా పెరటాసి అనే తమిళ నెలలో శనివారాలు పాటించేవారు ఎందరో ఉన్నారు. ఆ నెలలో తిరుమల కొండ మీద రద్దీ చూసినవారికి ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. తెలుగువారి అరవై సంవత్సరాల పేర్లే తమిళుల సౌరమాన సంవత్సరాలకూ ఉన్నాయి. మనది చైత్ర శుద్ధ పాడ్యమితో మారుతుంది, వారిది సూర్యుడు మేషంలోకి వచ్చినప్పుడు మారుతుంది. 2025 ఏప్రిల్ 5న పుట్టిన బిడ్డ తెలుగు పంచాంగంలో విశ్వావసు, తమిళ పంచాంగంలో ఇంకా క్రోధి. తల్లి వైపు వారు ఒక పేరు, తండ్రి వైపు వారు ఇంకొక పేరు జాతకంలో రాయించిన ఇళ్లు నాకు తెలుసు. రెండూ సరైనవే, ఏ పద్ధతిలో రాశారో పైన ఒక మాట రాసి ఉంటే చాలు.

చైనా వారిలోనూ సరిగ్గా ఇదే చాంద్ర, సౌర భేదం ఉంది. పండుగ చేసుకునే సామాన్య జనం చాంద్రమాన సంవత్సరాది నుంచే జంతువును లెక్కిస్తారు. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, ఘడియ అనే నాలుగింటినీ చెరి రెండు అక్షరాలతో గుర్తించి జాతకం చెప్పే వృత్తి జ్యోతిష్కులలో ఎక్కువమంది మాత్రం సంవత్సరాన్ని ‘లీఛున్’ అనే సౌర బిందువు నుంచి మొదలుపెడతారు. సాయన లెక్కలో సూర్యుడు 315 డిగ్రీలకు చేరే ఆ రోజు ఏటా ఫిబ్రవరి 3, 4, 5 తేదీల్లోనే వస్తుంది. అది వసంతాగమనాన్ని చెప్పే రోజు. కాబట్టి 2026 ఫిబ్రవరి 10న పుట్టిన బిడ్డను చైనాలోని తాతమ్మ పాము అంటుంది, జ్యోతిష్కుడు గుర్రం అంటాడు. రోజుకు కూడా పన్నెండు జంతువులున్నాయి. రెండేసి గంటలకొకటి చొప్పున, రాత్రి 11 నుంచి ఒంటిగంట వరకు ఎలుక ఘడియతో మొదలవుతాయి. వారి జాతకంలో సంవత్సరపు జంతువు ఎనిమిది అక్షరాలలో ఒక్కటి మాత్రమే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని మనిషి స్వభావమంతా చెప్పేసే పట్టికలను ఆ శాస్త్రం తెలిసినవారే ఒప్పుకోరు.

పన్నెండుతో పాటు పంచతత్త్వాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు అనేవి వారి అయిదు. ఇంగ్లీషు సంవత్సరపు చివరి అంకె 4, 5 అయితే కొయ్య, 6, 7 నిప్పు, 8, 9 మట్టి, 0, 1 లోహం, 2, 3 నీరు. ఒక్కొక్కటి రెండేళ్లు చొప్పున పదేళ్లు, వాటితో పన్నెండు జంతువులు కలిసి తిరిగితే అరవై ఏళ్లకు గానీ మొదటి జత మళ్లీ రాదు. చైనా వారి ప్రస్తుత అరవై ఏళ్ల చక్రం 1984లో కొయ్య ఎలుకతో మొదలైంది, మనది 1987లో ప్రభవతో మొదలైంది. రెండు చక్రాలూ అరవై ఏళ్లవే కాబట్టి మన ప్రతి సంవత్సరం పేరుకూ వారి జంతువు ఒకటి శాశ్వతంగా ముడిపడి ఉంటుంది. ప్రభవ ఎప్పుడు వచ్చినా అది నిప్పు కుందేలు, క్రోధి కొయ్య డ్రాగన్, విశ్వావసు కొయ్య పాము, పరాభవ నిప్పు గుర్రం, అక్షయ నిప్పు పులి. ఈ సంగతి మొదటిసారి లెక్క కట్టి చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను. పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగి వచ్చినందుకు మనవాళ్లు తమిళనాడులోని తిరుక్కడయూరు వెళ్లి షష్టిపూర్తి చేసుకుంటారు. కొరియాలో కూడా అదే వయసుకు, అదే కారణంతో ‘హ్వాంగప్’ అనే వేడుక చేస్తారు.

ఈ పన్నెండేళ్లకు గురుగ్రహం నడకతో సంబంధం ఉంది. గురుడు రాశిచక్రాన్ని చుట్టిరావడానికి సుమారు 11.86 ఏళ్లు పడుతుంది. ప్రాచీన చైనా వారు గురుడిని సంవత్సర నక్షత్రమని పిలిచి, ఆకాశాన్ని పన్నెండు భాగాలు చేసి అతడి నడకతో ఏళ్లు లెక్కించారు. మనకు గురుడు సింహంలోకి వస్తే గోదావరి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. 2003, 2015ల తర్వాత గోదావరికి మళ్లీ 2027లో రావడం కూడా ఈ చక్రం వల్లనే. గురుడు పన్నెండేళ్లకు కొంచెం ముందే తిరిగి వచ్చేస్తాడు కాబట్టి, కాలం గడిచేకొద్దీ చైనా వారు గ్రహాన్ని చూడటం మానేసి లెక్కను లెక్కగానే నడిపించారు. దక్షిణాదిలో మన ప్రభవాది సంవత్సరాలు కూడా గురుడి అసలు స్థానాన్ని పట్టించుకోకుండా ఏడాదికొకటిగానే నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. నిప్పు గుర్రం సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడు తెస్తుందని జపాన్‌లో ఒక నమ్మకం ఉండేది. 1965లో ఆ దేశంలో సుమారు 18.2 లక్షల మంది పిల్లలు పుట్టగా, నిప్పు గుర్రం సంవత్సరమైన 1966లో 13.6 లక్షల మందే పుట్టారు. 1967లో మళ్లీ 19.3 లక్షలు దాటారు. చదువుకున్న, పారిశ్రామికంగా ఎదిగిన ఒక దేశం ఒక్క ఏడాది పాటు పిల్లల్ని కనడానికి అంతగా వెనకాడింది. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి ఆగదని సంబంధాలు వెనక్కి పంపిన ఇళ్లను చూసినవారికి ఆ భయం ఎలాంటిదో తెలుసు. లెక్కలోని అందాన్ని నేను మనసారా ఇష్టపడతాను. ఆ లెక్కను తెచ్చి ఒక పసిబిడ్డ మెడకు దోషంగా కట్టడాన్ని మాత్రం ఎప్పటికీ ఒప్పుకోలేను. 2026తో మళ్లీ నిప్పు గుర్రం వచ్చింది, మనకు పరాభవ నామ సంవత్సరం వచ్చింది. ఈ ఏడు మన ఇళ్లలో పుట్టే ఆడపిల్లల గురించి ఇలాంటి మాట ఏ పట్టికలో కనిపించినా దాన్ని ఇంకొకరికి పంపకండి.

చివరగా జాతకంతో జంతువును తేల్చే పద్ధతి. మన పెద్దవారిలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ అసలు పుట్టిన తేదీ కాదు. బడిలో చేర్చిన రోజున అయ్యవారు వయసు అంచనా వేసి జులై ఒకటి అనో, జూన్ ఒకటి అనో రాసేసినవే ఎక్కువ. అలాంటి తేదీ పట్టుకుని జంతువును వెతికితే ఫలితం ఉండదు. తిథి, మాసం, సంవత్సరం పేరు తెలిస్తే దారి తేలిక. మన సంవత్సరం మొదలయ్యే ఇంగ్లీషు ఏడాదికి పైన చెప్పిన లెక్క కట్టి జంతువును తీయండి. చైత్రం నుంచి మార్గశిరం చివరిదాకా పుట్టిన వారికి అదే జంతువు. పుష్యంలో పుట్టినవారికీ అదే, కాకపోతే సరిగ్గా పుష్య అమావాస్య నాడు పుట్టినవారు ఆ ఏడాది తేదీని సరిచూసుకోవాలి. ఫాల్గుణంలో పుట్టినవారికి తర్వాతి జంతువు. మాఘంలో పుట్టినవారు మాత్రం శివరాత్రి సూత్రం వాడాలి. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 17 దాటి వచ్చి ఉంటే మాఘమంతా కొత్త జంతువుది. 17న గానీ ముందు గానీ వచ్చి ఉంటే మాఘ బహుళ అమావాస్య ముందు రోజు దాకా పాత జంతువే, ఆ అమావాస్య నాడు పుట్టినవారు తేదీని సరిచూసుకోవాలి.

మా పెదనాన్నగారిది సర్టిఫికెట్‌లో 1950 జులై 1. ఆ తేదీని పట్టుకుంటే పులి అవుతుంది. ఆయన పుట్టినది వికృతి నామ సంవత్సరం, మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి. తిరుమలలో స్వామివారు ఒక్క రోజులో ఏడు వాహనాల మీద ఊరేగే రోజు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆ తిథిని మరిచిపోలేదు. వికృతి 1950 ఉగాదితో మొదలైంది కనుక ఆయన పుట్టిన మాఘం 1951లో పడుతుంది. ఆ ఏడు చైనా సంవత్సరాది ఫిబ్రవరి 6న, పుష్య అమావాస్యకు వచ్చింది. రథసప్తమి అది దాటి వారం తర్వాత వచ్చింది. కాబట్టి పెదనాన్నగారిది లోహపు కుందేలు. జపాన్ వారిని అడిగినా 1951 కాబట్టి కుందేలనే అంటారు. లీఛున్ పద్ధతి ప్రకారం చూసినా ఫిబ్రవరి మొదటి వారం దాటిపోయింది కాబట్టి కుందేలే.